తొలి మేఘం దిగే దీవులు: అండమాన్ నికోబార్‌లో వానలు, వాగులు, అంచనాలు

మే నెల మూడవ వారం వచ్చిందంటే తెలుగునాట వార్తలు వినే ప్రతి ఇంటా ఒక వాక్యం కోసం చెవులు రిక్కించి ఉంటాయి: నైరుతి ఋతుపవనాలు అండమాన్ సముద్రంలో ప్రవేశించాయి. కృత్తిక కార్తె ఎండలకు నెర్రెలు విచ్చిన చేని గట్టున నిలిచిన రైతుకు ఆ వాక్యం తొలి ఊరట. కేరళకు ఇంకెన్నాళ్లు, అక్కడి నుంచి రాయలసీమకు ఎన్నాళ్లు, మృగశిర నాటికి మన ఊళ్లో చినుకు పడుతుందా లేదా అని వేళ్ల మీద లెక్కలు మొదలవుతాయి.

ఆ వాక్యంలో పేరు వినబడే దీవుల గురించి మాత్రం ఆలోచించేవారు తక్కువ. మనకు అండమాన్ ఒక మైలురాయి. మేఘం దాటి వచ్చే తొలి మజిలీ. అక్కడ నివసించేవారికి అదే ఇల్లు. 2011 జనాభా లెక్కల ప్రకారం ఈ కేంద్రపాలిత ప్రాంతంలో 3,80,581 మంది ఉన్నారు. వారిలో సుమారు ఎనిమిదవ వంతు మంది మాతృభాష తెలుగు. శ్రీకాకుళం, విశాఖపట్నం తీరాల నుంచి వెళ్లి స్థిరపడిన మత్స్యకార కుటుంబాలు, తూర్పు బెంగాల్ నుంచి కాందిశీకులుగా వచ్చి అడవి నరికి వరి పండించిన రైతులు, తమిళులు, మలయాళీలు, రాంచీ ప్రాంతపు శ్రామికులు, వీరందరికన్నా ఎంతో పూర్వం నుంచి ఉన్న నికోబారీలు, ఓంగీలు, జారవాలు, షోంపెన్‌లు — ఇందరి జీవితం వాన మీద, సముద్రం మీద ఆధారపడి ఉన్నది. ముందస్తు వాతావరణ అంచనాలు వీరికి ఎంతవరకు ఉపయోగపడుతున్నాయి? చెప్పినది ఏమిటి, జరిగినది ఏమిటి అని పరిశీలించినప్పుడు, ప్రధాన భూభాగంలో మనకు తట్టని కొన్ని విషయాలు బయటపడతాయి.

ఏ తేదీ దేనికి?

మొదట ఒక అపోహను తొలగించుకోవాలి. అండమాన్‌కు ఋతుపవనం త్వరగా వస్తే మనకూ త్వరగా వస్తుందని సామాన్యంగా అందరూ నమ్ముతారు. భారత వాతావరణ శాఖ స్వయంగా ఈ నమ్మకాన్ని కాదంటున్నది. అండమాన్ సముద్రంలో ప్రవేశించే తేదీకీ కేరళను తాకే తేదీకీ, ఆ సంవత్సరపు మొత్తం వర్షపాతానికీ సంబంధం లేదని గత సంవత్సరాల లెక్కలను బట్టి ఆ శాఖ తేల్చింది.

2020 నుంచి 2025 వరకు ఆరు సంవత్సరాల తేదీలను పక్కపక్కన పెట్టి చూస్తే విషయం స్పష్టమవుతుంది. 2020లో మే 17న దీవులను చేరిన గాలి జూన్ 1న కేరళకు వచ్చింది. నడుమ 15 రోజులు. 2021లో మే 21, జూన్ 3, 13 రోజులు. 2022లో మే 16, మే 29. మళ్లీ 13 రోజులు. 2023, 2024 సంవత్సరాలలో దీవులకు వచ్చిన తేదీ ఒక్కటే, మే 19. కాని 2024లో 11 రోజులకే, మే 30న, కేరళలో వాన పడగా, 2023లో 20 రోజులు వేచి జూన్ 8 వరకు ఎదురుచూడవలసి వచ్చింది. 2025లో మే 13న బయలుదేరి మే 24 నాటికే కేరళ చేరి, 2009 తరువాత అంత ముందుగా వచ్చిన ఋతుపవనంగా పేరు పొందింది. ఒకే రోజున ఒకే గుమ్మం దాటిన ప్రయాణికుడు ఒక ఏడు పదకొండు రోజులకు, మరొక ఏడు ఇరవై రోజులకు మన ఊరు చేరుతున్నాడంటే, గుమ్మం దాటిన తేదీని బట్టి రాకను లెక్కించడం వృథా ప్రయాస.

దీనికి కారణం లేకపోలేదు. బంగాళాఖాతపు తూర్పు భాగంలో నీరు వేడెక్కి, ఆగ్నేయాసియా భూభాగం కాగి, భూమధ్యరేఖను దాటి వచ్చే గాలులు ముందుగా అటు మళ్లుతాయి. అందువలన మేఘం మొదట నికోబార్ మీద, దక్షిణ అండమాన్ సముద్రం మీద కూడుతుంది. కేరళలో వాన పడడానికి అరేబియా సముద్రం మీద పడమటి గాలి తగినంత బలంతో, తగినంత ఎత్తు వరకు నిలదొక్కుకోవాలి. ఈ రెండూ ఒకే పెద్ద యంత్రంలోని రెండు చక్రాలే అయినా, ఒకటి తిరిగినంత మాత్రాన రెండవది వెంటనే తిరగదు. 2023 జూన్‌లో అరేబియా సముద్రంలో లేచిన బిపర్‌జోయ్ తుఫాను కూడా ఆ గాలుల తీరును చెదరగొట్టింది.

కేరళ రాకపై వాతావరణ శాఖ ఇచ్చే అంచనాకు నాలుగు రోజులు అటూ ఇటూ సడలింపు ఉన్నది. ఆ కొలతతో చూస్తే ఈ ఆరు సంవత్సరాలలోనూ అంచనా నిలిచింది. 2020లో జూన్ 5 అని చెప్పగా జూన్ 1న, 2023లో జూన్ 4 అని చెప్పగా జూన్ 8న రావడం అంచున నిలిచిన సందర్భాలు. 2005లో ఈ పద్ధతి మొదలైన తరువాత గీత దాటిన సంవత్సరం 2015 ఒక్కటే. అప్పుడు మే 30 అన్నారు, జూన్ 5న వచ్చింది.

మరి దీవుల సంగతి? 2020లో సాధారణ తేదీలను సవరించినప్పుడు అండమాన్ సముద్రానికి మే 20 బదులు మే 22ను నిర్ణయించారు. పైన చెప్పిన ఆరు సంవత్సరాలలోనూ ఋతుపవనం ఆ తేదీకి ముందే వచ్చింది. కేరళ తేదీలు మే 24 నుంచి జూన్ 8 వరకు పదిహేను రోజుల పొడవున చెదిరి ఉండగా, దీవుల తేదీలు మే 13 నుంచి 21 వరకు ఎనిమిది రోజులలోనే ఇమిడిపోయాయి. అంటే, దేశమంతా ఆతురతతో వినే ఆ వార్త దీవులవారికి అంతగా ఆశ్చర్యం కలిగించే వార్త కాదు. వాన మేలో వస్తుందని వారికి తెలుసు. వారిని వేధించే ప్రశ్న వేరు. అది ఏడాదికి రెండవ చివర ఉన్నది: డిసెంబరులో వాన ఎప్పుడు ఆగుతుంది, మళ్లీ మే వచ్చే దాకా నీళ్లు నిలుస్తాయా?

రెండు గాలుల రాజ్యం

అనంతపురంలో ఏటా కురిసే వాన సుమారు 550 మి.మీ. శ్రీవిజయపురంలో — 2024 సెప్టెంబరు వరకు దీని పేరు పోర్ట్ బ్లెయిర్ — సుమారు 3,000 మి.మీ. ఇంత వాన కురిసే చోట నీటి కొరత అంటే అనంతపురం రైతు నవ్వవచ్చు. కాని ఇది నిజం. కొన్ని వేసవులలో ఈ పట్టణంలో కుళాయి నీరు రోజు విడిచి రోజు, ఒక్కొక్కప్పుడు అంతకన్నా ఎడంగా సరఫరా అయింది.

మే నుంచి సెప్టెంబరు వరకు నైరుతి, అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఈశాన్య ఋతుపవనాలు ఈ దీవులను తడుపుతాయి. ఎనిమిది నెలలు వానే. ఆ తరువాత జనవరి నుంచి ఏప్రిల్ వరకు నాలుగు నెలలలో పడేది ఏడాది వానలో పదవ వంతు కూడా ఉండదు. దక్షిణాన నికోబార్ వైపు వెళ్లేకొద్దీ, భూమధ్యరేఖ చేరువ కావడం వలన, ఈ పొడి నెలల కరకు కొంత తగ్గుతుంది. ఉత్తరాన డిగ్లీపూర్ వైపు అది హెచ్చుతుంది. ద్వీపసముదాయం ఉత్తర దక్షిణాలుగా 700 కి.మీ.కు పైగా సాగి ఉన్నదనీ, అండమాన్‌కూ నికోబార్‌కూ మధ్య పది డిగ్రీల జలసంధి ఉన్నదనీ గుర్తుంచుకుంటే, దీవులన్నిటికీ ఒకే వాతావరణం ఉంటుందని అనుకోవడం ఎంత పొరపాటో తెలుస్తుంది.

ఈ రెండు గాలుల సంగతి ఇక్కడి ఆదిమవాసులకు పరిశోధనాలయాలు పుట్టకముందే తెలుసు. 1906–08 సంవత్సరాలలో ఇక్కడ తిరిగి, 1922లో అండమాన్ వాసులపై గ్రంథం ప్రకటించిన మానవశాస్త్రవేత్త రాడ్‌క్లిఫ్-బ్రౌన్, ఉత్తర అండమాన్ ప్రజలు ఈశాన్యపు గాలిని బిలికు అనే దైవానికీ, నైరుతి గాలిని తరాయి అనే దైవానికీ ముడిపెట్టారని రాశాడు. తేనెమైనం కరిగించినా కాల్చినా బిలికు ఆగ్రహించి తుఫాను పంపుతుందని వారి విశ్వాసం. ఇద్దరిలో బిలికుకే ప్రాధాన్యం ఎక్కువ, భయమూ ఎక్కువే. తుఫానుల పంచాంగం తెలిసినవారికి ఇందులో వింత కనబడదు. దీవులను చావుదెబ్బ తీసిన గాలివానలలో ముఖ్యమైనవి అక్టోబరు, నవంబరు, డిసెంబరు నెలలలో వచ్చినవే.

నది అనదగినవి కొన్నే

ఇంత వాన ఎక్కడికి పోతుంది? సముద్రంలోకే. అండమాన్ కొండలు నిట్రంగా ఉంటాయి. అత్యున్నతమైన శాడిల్ పీక్ సుమారు 730 మీటర్లు. నేల పొర పలుచన, దాని అడుగున బంకమట్టి రాయి. కొండకూ కడలికీ మధ్య దూరం స్వల్పం. పడిన నీరు ఇంకే తీరిక లేకుండా వాగులై, మడ అడవుల కాలువలలో కలిసి ఉప్పునీరవుతుంది. నికోబార్‌లోని కార్ నికోబార్ వంటి పగడపు దీవులలో పరిస్థితి మరొక విధం. అక్కడ వాన నీరు నేలలో దిగి, భూగర్భంలోని ఉప్పు నీటిపై తేలికైన మంచినీటి పొరగా నిలుస్తుంది. నీటి మట్టం ఒక అడుగు తగ్గితే అడుగునుంచి ఉప్పు నీరు ఎన్నో రెట్లు పైకి వస్తుంది. పొడి నెలలలో బావిని మితిమీరి తోడడం అంటే ఆ పొరను చేజేతులా చించుకోవడమే.

నిలకడగా పారే నది అని చెప్పదగినది అండమాన్ భాగంలో కల్పాంగ్. శాడిల్ పీక్ కొండలలో పుట్టి, డిగ్లీపూర్ ప్రాంతం మీదుగా సుమారు 35 కి.మీ. ప్రవహించి సముద్రాన్ని చేరుతుంది. దానిపై 5.25 మెగావాట్ల జలవిద్యుత్ కేంద్రం 2001లో పనిచేయసాగింది. తక్కిన దీవులకు కరెంటు ప్రధానంగా ఓడలలో వచ్చిన డీజిల్ నుంచి పుడుతున్న దశలో ఈ చిన్న కేంద్రం విలువ పెద్దది. అయితే కల్పాంగ్‌కు హిమాలయపు మంచు లేదు, వెనుక వందల కిలోమీటర్ల పరీవాహకం లేదు. డిసెంబరులో వాన ముందుగా ఆగిపోతే ఏప్రిల్ నాటికి నీటితో పాటు విద్యుత్తు తగ్గుతుంది. ఆ లోటు మళ్లీ డీజిలే తీర్చాలి. గ్రేట్ నికోబార్‌లో గలాథియా, అలెగ్జాండ్రా, డగ్మార్ నదులు ఉన్నాయి. 1845లో ప్రపంచయాత్రకు బయలుదేరిన డెన్మార్క్ ఓడ పేరే గలాథియాకు నిలిచింది. ఈ నదుల ఒడ్డులు షోంపెన్‌ల తావులు.

శ్రీవిజయపురానికి ఆధారం నది కాదు, ధానిఖారి వాగు. దానిపై 1970లలో కట్టిన ఆనకట్టే పట్టణానికి ముఖ్య జలాశయం. జనం పెరిగారు, యాత్రికులు పెరిగారు; తరువాతి కాలంలో ఆనకట్ట ఎత్తు పెంచవలసి వచ్చింది. ఎత్తు ఎంత పెంచినా, నిండడం మాత్రం అక్టోబరు, నవంబరు, డిసెంబరు వానల చేతిలో ఉన్నది.

ఇక్కడ మన గోదావరితో పోల్చి చూడడం అవసరం. గోదావరి పొడవు సుమారు 1,465 కి.మీ. ఎగువన వాన పడిన కబురు అందిన తరువాత భద్రాచలం దగ్గర నీరు 43 అడుగులు ఎప్పుడు దాటుతుందో, 48, 53 అడుగుల హెచ్చరికలు ఎప్పుడు ఎగురవేయాలో లెక్కకట్టడానికి అధికారులకు వ్యవధి ఉంటుంది. 1986లో 75.6 అడుగుల వరద, 2022 జూలైలో 71.3 అడుగుల వరద వచ్చినప్పుడు ప్రజలను తరలించగలగడానికి ఆ వ్యవధి ఎంతో తోడ్పడింది. అండమాన్ వాగుకు అటువంటి ఎగువ లేదు. కొండ మీద కురిసిన వాన గంటలలో పొలంలో ఉంటుంది. ఆ సమయంలో సముద్రంలో పోటు ఉంటే వాగు నోరు మూసుకుపోయి నీరు వెనక్కు తంతుంది. పాటు ఉంటే అదే వాన గడబిడ లేకుండా దిగిపోతుంది. కాబట్టి ఇక్కడ నది అంచనా అంటే నిజానికి వాన అంచనా, పోటుపాటుల పట్టిక కలిపి చదవడమే.

పైగా 2004 డిసెంబరు 26న భూకంపం ఈ పట్టికనే మార్చివేసింది. ఉత్తర అండమాన్ తీరం పైకి లేచి పగడపు దిబ్బలు బయటపడ్డాయి. దక్షిణ అండమాన్ కుంగింది. నికోబార్ దక్షిణ కొస ఇంకా లోతుగా కుంగి, ఇందిరా పాయింట్ దీపస్తంభం పాదం నీట మునిగింది. శ్రీవిజయపురం సమీపంలోని సిప్పీఘాట్‌లో అంతకు ముందు వరి పండిన పొలాలలోకి రోజుకు రెండుసార్లు సముద్రపు పోటు రావడం మొదలైంది. వాన ఏ మాత్రం హెచ్చకపోయినా ముంపు హెచ్చింది. పాత అనుభవాన్ని బట్టి చేసే అంచనా నేల కదిలిపోయిన చోట చెల్లదు.

పెద్ద లెక్కలో చిన్న పాలు

ఏప్రిల్‌లో దేశమంతటికీ వెలువడే ఋతుపవన అంచనా విషయానికి వస్తే, దాని చరిత్రలో మంచి ఏళ్లూ ఉన్నాయి, చెడ్డ ఏళ్లూ ఉన్నాయి. 2002లో సగటులో 101 శాతం అని చెప్పగా 81 శాతమే కురిసింది. 2009లో 96 శాతం అన్నారు. 78 శాతం పడింది. ఎల్ నీనో బలంగా ఉన్న 2015లో ఏప్రిల్‌లో 93 శాతం అని, జూన్‌లో 88కి దించారు, 86 వచ్చింది. 2023లో 96కు బదులు 94, 2024లో 106కు బదులు 108, 2025లో 105కు బదులు 108 శాతం నమోదైంది. ఈ శతాబ్దం ఆరంభంతో పోలిస్తే మెరుగు స్పష్టంగా కనబడుతున్నది.

కాని ఈ శాతాలలో దీవుల వాటా ఎంత? వర్షపాతపు లెక్కలకు దేశాన్ని 36 ఉపవిభాగాలుగా విభజించారు. అండమాన్ నికోబార్ అందులో ఒకటి. ఈ ఉపవిభాగాలను కలిపి నాలుగు పెద్ద ప్రాంతాలు చేసినప్పుడు మన కోస్తా ఆంధ్ర, రాయలసీమ, తెలంగాణలతో, కర్ణాటక, తమిళనాడు, కేరళ, లక్షద్వీప్‌లతో పాటు దీవులు కూడా 'దక్షిణ ద్వీపకల్పం' అనే గుంపులో చేరాయి. దీవుల వైశాల్యం 8,249 చ.కి.మీ. తక్కినవాటి వైశాల్యం ఆరు లక్షల చ.కి.మీ.కు పైమాటే. అంటే నూటికి ఒకటిన్నర పాలు కూడా కాదు. దక్షిణ ద్వీపకల్పంలో వాన సగటుకు మించి ఉంటుందని చెప్పినప్పుడు ఆ మాట మహబూబ్‌నగర్ రైతుకు కొంత అర్థమవుతుంది. 1,200 కి.మీ. సముద్రం ఆవల డిగ్లీపూర్‌లో వరి నాటే రైతుకు దానివలన ప్రయోజనం దాదాపు శూన్యం. బంగాళాఖాతంలో మేఘాలు పడమటికి కదిలి మనకు మంచి వాన ఇచ్చిన వారంలో దీవుల మీద ఆకాశం తేటపడి ఉండడం వింత కాదు.

దీవుల అవసరం అడిగేది జూన్–సెప్టెంబరు మొత్తాన్ని కాదని పైన చెప్పాను. 3,000 మి.మీ. కురిసే చోట నైరుతి వాన పదిహేను శాతం తగ్గినా వరి ఎండదు. నవంబరు, డిసెంబరు వానలలో అదే తగ్గుదల ఉంటే ఏప్రిల్‌లో కుండ ఎండుతుంది. పొడి నెలలలో కూరగాయలు పండించి పట్టణానికి పంపే షహీద్ ద్వీప్ రైతులు — పూర్వపు నీల్ దీవి — తమ చెరువు ఎన్ని మళ్లకు చాలుతుందో డిసెంబరులోనే నిర్ణయించుకోవాలి. వారికి కావలసినది దీవులకే ప్రత్యేకించిన, అక్టోబరులో వెలువడే, ఏప్రిల్ వరకు చూపు సారించే అంచనా. శాస్త్రపరంగా అది కష్టమైనది. ఆ మాట దాచవలసిన పని లేదు. గణిత నమూనాలు చూసే గడి ఎన్నో సంవత్సరాలు దీవి కన్నా పెద్దదిగా ఉండేది. గడిలో దీవి సముద్రంగానే లెక్కకు వచ్చేది. 12 కి.మీ. గడుల తరువాత, 2025 మే నెలలో ప్రారంభమైన భారత్ ఫోర్‌కాస్ట్ సిస్టమ్ 6 కి.మీ. గడితో పనిచేస్తున్నది. అది రోజుల అంచనాకు సంబంధించినది. మాసాల అంచనాకు ఇంకా దూరం నడవాలి.

ఒక్క రోజు వ్యవధి

ఋతువు అంచనా కన్నా రోజుల అంచనాలో సాధించినది ఎక్కువ. అది ప్రాణాలకు సంబంధించినది గనుక కొంత వివరంగా చెప్పుకోవాలి.

1844 నవంబరులో బ్రిటన్, రన్నీమీడ్ అనే రెండు ఓడలు సైనికులతో కలకత్తాకు పోతూ అండమాన్ సమీపంలో ఒకే గాలివానలో చిక్కుకొన్నాయి. ఒకదాని సంగతి మరొకదానికి తెలియదు. ఆ రాత్రి సుడిగాలి రెండిటినీ ఎత్తి ఒకే దీవి ఒడ్డున, ఒకదానికొకటి చేరువలో పడవేసింది. కలకత్తాలో ఉండి ఇటువంటి గాలివానల వృత్తాంతాలు సేకరించిన హెన్రీ పిడింగ్టన్ ఈ రెండు ఓడల దినచర్యలనూ పరిశీలించాడు. నావికుల కోసం 1848లో ప్రచురించిన గ్రంథంలో ఆయన వాడిన 'సైక్లోన్' అన్న మాటను నేడు ప్రపంచమంతా వాడుతున్నది. 1891 నవంబరు 2న మరొక తుఫాను పోర్ట్ బ్లెయిర్‌ను తాకి ఎంటర్‌ప్రైజ్ అనే ప్రభుత్వ నౌకను ముంచింది. అలలలో కొట్టుకొంటున్న కొద్దిమందిని ఒడ్డుకు లాగినవారు అక్కడ శిక్ష అనుభవిస్తున్న స్త్రీ ఖైదీలు. అప్పటికి దీవులకు తంతి లేదు. 20వ శతాబ్దపు తొలి సంవత్సరాలలో వైర్‌లెస్ వచ్చేవరకు, పోర్ట్ బ్లెయిర్‌లో పాదరసం పడిపోయిన సంగతి కలకత్తాకు ఓడ మీద చేరవలసిందే. ఈలోగా తుఫాను చేరేది.

ఇప్పటి స్థితికి 2014 నాటి హుద్‌హుద్ ఉదాహరణ. విశాఖపట్నం మరువలేని తుఫాను అది. అక్టోబరు 7న ఉత్తర అండమాన్ సముద్రంలో వాయుగుండంగా ఏర్పడింది. 8వ తేదీ ఉదయానికి తుఫానుగా మారి లాంగ్ ఐలండ్ సమీపంలో దీవులను దాటింది. అక్టోబరు 12 మధ్యాహ్నం విశాఖను తాకింది. తీరం దాటే చోటును, సమయాన్ని ముందుగానే సరిగా చెప్పగలిగారు. విశాఖకు నాలుగు రోజుల వ్యవధి దొరికింది. అదే తుఫాను విషయంలో లాంగ్ ఐలండ్ వాసులకు దొరికినది ఒక్క రోజు. తేడా శాస్త్రజ్ఞుల శ్రద్ధలో లేదు, భూగోళంలో ఉన్నది. మనకు ముందు అండమాన్ ఉన్నది. అక్కడ గాలి పెరిగితే మనకు కబురు అందుతుంది. అండమాన్ తానే తుఫానుల పురిటిగదిలో ఉన్నది. అక్కడ తుఫాను పుట్టిన తరువాత హెచ్చరిస్తే ఆలస్యమవుతుంది, పుట్టబోతున్నదని హెచ్చరించాలి.

పుట్టబోయే తుఫాను గురించి చెప్పడంలో తప్పు పోయే అవకాశం ఎక్కువ. 2022 మార్చిలో ఆ విషయం తెలిసింది. అండమాన్ తీరం వెంట సాగుతున్న తీవ్ర వాయుగుండం తుఫానుగా మారుతుందని, అప్పుడు దానికి అసని అని పేరు పెడతారని ప్రకటన వెలువడింది. మార్చిలో బంగాళాఖాతంలో తుఫాను అరుదు గనుక దేశమంతా దృష్టి సారించింది. దీవుల మధ్య ఓడలు నిలిపివేశారు, సహాయ దళాలను మోహరించారు. ఆ వాయుగుండం తుఫాను స్థాయిని అందుకోకుండానే మార్చి 23న మయన్మార్ తీరాన్ని దాటి చల్లారింది. వాడని ఆ పేరు మే నెలలో మరొక తుఫానుకు దక్కింది. ఆ అసని మే 11న బలహీనపడి మచిలీపట్నం, నరసాపురం తీరానికి వచ్చింది. 2013 నవంబరులో లెహర్ విషయంలో తప్పిన అంచనా మన పాలిటిది. నవంబరు 25న శ్రీవిజయపురం సమీపంలో దీవులను దాటి బలపడిన ఆ తుఫాను అదే ఉగ్రతతో ఆంధ్ర తీరాన్ని తాకుతుందని భయపడ్డాం. దారిలో సముద్రం చల్లగా ఉండి, పైగాలుల కోత తగిలి, 28న మచిలీపట్నం దగ్గర వాయుగుండంగా మాత్రమే తీరం చేరింది.

ఇటువంటి సందర్భాలలో 'ఊరికే భయపెట్టారు' అని విసుక్కోవడం సహజం. దీవులలో ఆ విసుగుకు ఖరీదు కూడా ఉన్నది. ఓడ ఒక రోజు ఆగితే కార్ నికోబార్‌కు బియ్యం ఆగుతుంది, రోగి ప్రయాణం ఆగుతుంది, పడవ కట్టివేసిన మత్స్యకారుడికి ఆ రోజు కూలి ఉండదు. ఓడ ఆపడం ఆలస్యమైతే జరిగేది 2016 డిసెంబరులో కనిపించింది. తరువాత వర్దా అనే పేరుతో 12వ తేదీన చెన్నైని కొట్టిన తుఫాను వాయుగుండంగా దీవుల దగ్గర తిరుగుతున్నప్పుడు, ఆనాడు హేవ్‌లాక్, నీల్ అని పిలిచే దీవులలో వెయ్యిమందికి పైగా యాత్రికులు చిక్కుకొన్నారు. సముద్రం శాంతించే వరకు ఉండి, నౌకాదళం ఓడలు వెళ్లి వారిని తీసుకురావలసి వచ్చింది. ఈ రెండు నష్టాలనూ త్రాసులో పెడితే, ఈ వ్యాసకర్త దృష్టిలో, అసని హెచ్చరిక తప్పు కాదు. తుఫాను రాకపోవడం అంచనాకు ఓటమి కావచ్చు. పడవలు ఒడ్డున ఉండడం ఓటమి కాదు.

ఇందులో తెలుగు నేలకూ ఒక పాత్ర ఉన్నది. 1999లో హైదరాబాదులో నెలకొల్పిన భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవా కేంద్రం అలల ఎత్తు, గాలి వేగం, చేపలు దొరికే తావులను గురించి మత్స్యకారులకు సూచనలు పంపుతుంది. 2007 నుంచి సునామీ హెచ్చరిక కేంద్రం కూడా అక్కడే ఉన్నది. సముద్రానికి వందల కిలోమీటర్ల దూరంలో, దక్కను పీఠభూమి రాళ్ల నడుమ కూర్చున్నవారు లెక్కించిన అలల ఎత్తును బట్టి, శ్రీకాకుళం యాస మాట్లాడే మత్స్యకారుడు జంగ్లీఘాట్‌లో పడవ తాడు విప్పాలా వద్దా అని తేల్చుకొంటున్నాడు. చెన్నై నుంచి సముద్రగర్భంలో సుమారు 2,300 కి.మీ. పొడవున వేసిన కేబుల్ 2020 ఆగస్టు 10న ప్రారంభమైన తరువాత లాంగ్ ఐలండ్, రంగత్, కమోర్టా, కార్ నికోబార్, గ్రేట్ నికోబార్ వంటి చోట్లకు కూడా ఈ సమాచారం అందే మార్గం బలపడింది.

వాతావరణ శాఖ ప్రతి గురువారం రాబోయే రెండు వారాలలో సముద్రంలో తుఫానులు పుట్టే అవకాశం ఎంత ఉన్నదో ప్రకటిస్తుంది. ప్రధాన భూభాగంలో దానిని చదివేవారు అరుదు. దీవులకు మాత్రం ఒక్క రోజు వ్యవధిని కొన్ని రోజులుగా పొడిగించగలిగేది ఆ పత్రమే. దానికి జోడుగా, ఈశాన్య వానలు ముగిసే దశలో ధానిఖారి మట్టం, కల్పాంగ్ ప్రవాహం, దీవుల బావుల ఉప్పదనం కలిపి లెక్కకట్టి, జనవరి మొదటి వారంలో బెంగాలీ, హిందీ, తమిళం, తెలుగు, నికోబారీ భాషలలో ప్రకటిస్తే, ఏప్రిల్ దాకా ఉన్న నీటిని ఎవరు ఎంత వాడాలో ముందే తెలుస్తుంది. ఇందుకు కావలసిన కొలతలు కష్టమైనవి కావు: జలాశయంలో ఒక కొలబద్ద, నదిలో ఒక కొలబద్ద, బావి నీటిని పరీక్షించే ఒక చిన్న పరికరం. మే నెలలో మనం అండమాన్ వార్త కోసం చెవి ఒగ్గే సమయానికి, అక్కడివారు ఆ కొలబద్ద చివరి గీతల దగ్గర నీటిని చూస్తూ ఉంటారు.